తేటనీళ్ళలో లక్ష పిల్లలు

జగిత్యాల
జూన్ 11

పుష్పా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా కాగితం ఖర్చుపెట్టినందుకు సంతోషం. ఫోన్ చెవికి ఆనించగానే నా వినికిడి మిషన్ ఈల వేస్తుంది. అవతలివాళ్ళు ఏమన్నారో తెలియదు గానీ, రైలు బయల్దేరినట్టు మాత్రం ఉంటుంది.

అయితే చేపపిల్లలు పెంచబోతున్నావన్నమాట. మన ఇంట్లో చేపను పళ్ళెంలో తప్ప వేరేచోట చూసినవాళ్ళు లేరు. మా నాన్న కూలికి పోయాడు, నేను పంతులమ్మనయ్యాను, మీ అమ్మ బీడీలు చుట్టింది, నువ్వు చేపలంటున్నావు. ఒక్క తరమూ పక్క తరాన్ని చూసి ఏమీ నేర్చుకోలేదు.

మీ ఊరి చేపల సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం, కోరుట్ల హైస్కూల్లో నా దగ్గర ఏడో తరగతి చదివిన లక్ష్మీరాజమే అని రాశావు. గుర్తు లేకేం? మేనమామ ఇంట్లో ఉండి చదివేవాడు. చేపలు పట్టే ఇంట పుట్టి, చేప ఎట్లా ఊపిరి తీసుకుంటుందని అడిగితే ‘ముక్కుతోని’ అన్నాడు. ‘చేప మొప్పలతో శ్వాసిస్తుంది’ అని యాభై సార్లు రాసుకురమ్మన్నాను. అంకెలు యాభై దాకా వేసుకొచ్చాడు గానీ, ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు వేశాడు. ఆ ఎగ్గొట్టిన ఇరవై మూడోది నా బల్ల దగ్గర నిలబెట్టి రాయించాను. అలాంటివాడు నీకు రెండు గుంటల జాగాలోని కుంట ఇచ్చాడంటే, దేవమ్మ టీచర్ మనవరాలివని ఇచ్చాడు.

గడువు కూడా తక్కువేమీ కాదు, భయపడకు. కనురెప్ప వెంట్రుకంత పిల్లను తెచ్చి, ఈ వానకాలం దాటేలోపు వేలంత చేసి ఊరి చెరువులో వదలాలి. చేస్తే కుంట ఐదేళ్ళు నీది. చేయలేకపోతే, ‘చేపలోళ్ళ ఇంటి పిల్ల కాదు’ అని ఇప్పుడు సణుగుతున్నవాళ్ళు రేపు గట్టిగా అంటారు. అంతే కదా.

ఇక నీ ప్రశ్న. కుంటలో పేడ కలిపితే వారానికి నీళ్ళు పచ్చగా మారి, చేతిలోకి తీసుకుంటే నలుసులు కదులుతున్నాయనీ, మూడు రోజుల శిక్షణలో అదే మంచిదన్నారనీ, నీకేమో చూస్తే ముక్కు మూసుకోవాలనిపిస్తోందనీ రాశావు. అనిపించదా మరి! పసిపిల్లను మురుగులో పడుకోబెడతారా ఎవరైనా? వాళ్ళు మూడు రోజులు చెప్పారు, నేను ముప్పై రెండేళ్ళు చెప్పాను. ఆ నీళ్ళన్నీ తోడించెయ్యి. కుంట కడిగి బోరునీళ్ళు నింపు. రూపాయి బిళ్ళ వేస్తే అడుగున బొమ్మో బొరుసో తెలియాలి, అంత తేటగా ఉండాలి. గోళ్ళు తీసుకుని మరీ పనిలో దిగు.

అంజి సాంచల మీద రాత్రి డ్యూటీలు తగ్గించుకున్నాడా? ఆ మగ్గాల చప్పుడులో పనిచేసేవాడికి భార్య మాట వినపడకపోవడం సహజమే. నా పేరు చెప్పు, వినపడుతుంది.

అమ్మమ్మ


సిరిసిల్ల
జూన్ 22

అమ్మమ్మా,

వచ్చేశాయి!

నువ్వు చెప్పినట్టే పచ్చనీళ్ళు తోడించి, కుంట కడిగి, బోరునీళ్ళు నింపాను. లక్ష్మీరాజం మామ ఆ రోజు ఊళ్ళో లేడు. నీళ్ళు ఎంత బాగున్నాయంటే ఆకాశం అడుగున పరిచినట్టుంది. రూపాయి వేశాను, బొమ్మ పడింది.

పిల్లలు పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. సగం నీళ్ళు, సగం గాలి. లక్ష ఉన్నాయన్నారు. నాకైతే మొదట ఏమీ కనిపించలేదు, మోసం చేశారేమో అనుకున్నాను. ఎండకు ఎత్తిపట్టి చూస్తే అప్పుడు కదిలాయి. ఒక్కోదానికి రెండు నల్లచుక్కలు, వాటి వెనక ఒక గీత. ఆ చుక్కలు కళ్ళట. ఒళ్ళంతా అద్దం, కళ్ళు మాత్రం ఉన్నాయి.

తెచ్చిన మనిషి చెప్పాడు: గుడ్డులోంచి వచ్చాక మూడు రోజులు వాటికి తిండి అక్కర్లేదట. పొట్ట కింద చిన్న సంచిలో సొన ఉంటుంది, తల్లి కట్టిచ్చిన సద్దిమూట లాగ. మూడో రోజుకు అది అయిపోతుంది, నోరు తెరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే మన చేతికిస్తారు. ‘ఇగ నోరు తెరిచినయ్, నీదే భారం’ అని వెళ్ళిపోయాడు.

సంచులు విప్పకుండా ఇరవై నిమిషాలు కుంటలో తేలనిచ్చాను, లోపలి నీళ్ళు బయటి నీళ్ళు ఒకే వేడికి రావాలని. గడియారం లేక కోరుట్ల చర్చిలో నువ్వు నేర్పిన పాట నాలుగుసార్లు పాడాను. తర్వాత మూతి విప్పి వంచితే, వాటంతట అవే బయటికి ఈదుకుంటూ పోయాయి. ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

నీ పుష్ప


సిరిసిల్ల
జూలై 1

అమ్మమ్మా,

నేను బాగున్నాను. వానలు బాగానే పడుతున్నాయి. బీరతీగ పందిరికెక్కింది. అంజికి దగ్గు తగ్గలేదు, నూలు దుమ్మే కారణమంటున్నాడు డాక్టరు. నువ్వన్నట్టు రాత్రి డ్యూటీలు మానుకున్నాడు. చర్చి రేకులు మార్చారు. పాస్టరు గారు నిన్ను అడిగారు. మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నావా?

ఇంకేం విశేషాలు లేవు.

పుష్ప


జగిత్యాల
జూలై 4

పుష్పా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బీరతీగ ఉంది, దగ్గు ఉంది, రేకులు ఉన్నాయి, నా మోకాళ్ళు కూడా ఉన్నాయి. చేపలు లేవు. లక్ష ప్రాణాలు ఒక కాగితంలోంచి ఎక్కడికి పోయాయి?

ఏడో తరగతి పిల్లలు తెలియని ప్రశ్న వదిలేసి, తెలిసినదానికి రెండు పేజీలు రాస్తారు. నీది అదే పేపరు. జవాబు రాయి.

అమ్మమ్మ


సిరిసిల్ల
జూలై 7

అమ్మమ్మా,

చచ్చిపోయాయి. అన్నీ.

మూడు రోజులు బాగానే తిరిగాయి. నాలుగో రోజు గట్టు పక్కకు చేరి ఊరికే నిలబడ్డాయి. ఐదో రోజు పొద్దున నీళ్ళ మీద తెల్లటి దుమ్ములా తేలింది. మొదట ఏదో పుప్పొడి రాలిందనుకున్నాను. చెయ్యి పెట్టి తీస్తే నల్లచుక్కలు కనిపించాయి. నీళ్ళు మాత్రం అంతే తేటగా ఉన్నాయి అమ్మమ్మా. అడుగున పడినవి కూడా ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి.

తప్పు నాదే. తొందరపడి సంచుల్లోంచి ఒక్కసారిగా కుమ్మరించాను. వేడి తేడాకు తట్టుకోలేకపోయాయి.

నీకు చెప్పే ధైర్యం లేక రాయలేదు.

పుష్ప


జగిత్యాల
జూలై 10

పుష్పా,

పిల్లలను పెంచడానికి చేతులు చాలవు, ఓపిక కావాలి. స్నానం చేయించే ముందు నీళ్ళలో వేలు పెట్టి చూడని తల్లి ఉంటుందా? ఇరవై నిమిషాలు ఆగలేనిదానివి ఐదేళ్ళు ఏం ఆగుతావు? చిన్నప్పుడూ అంతే, బియ్యం ఉడకకముందే మూత తీసేదానివి.

నేర్చుకోవాల్సింది నేర్చుకుని, సంఘం వాళ్ళను ఇంకో అవకాశం అడుగు. తలొంచుకుని అడుగు. నా పేరు పాడుచేయకు.

అమ్మమ్మ


సిరిసిల్ల
జూలై 13

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. నువ్వన్నవన్నీ నిజమే.

ఈ ఇరవయ్యో తారీఖు ఆదివారం సంఘం కూర్చుంటుంది. కుంట, మొదటి నుంచీ సణుగుతున్న వెంకటేశం వాళ్ళకు ఇచ్చేస్తారనుకుంటున్నాను. లక్ష్మీరాజం మామ ఊరి నుంచి వచ్చి కుంట చూసి నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, ‘చచ్చినందుకు బాధ లేదు పుష్పా. పచ్చనీళ్ళు ముట్టుకోకు అని నేను చెప్పిన్నా లేదా? చెప్పిన మాట ఎందుకు ఇనలే? గది చెప్పు.’ నేను చెప్పలేదు. చెప్పనిదానికి కుంట ఎట్లా ఇస్తాడు, ఆయన తప్పేం లేదు.

నువ్వు దిగులుపడకు. కుట్టుమిషను ఉంది కదా.

పుష్ప


జగిత్యాల
జూలై 16

నా తల్లి పుష్పకు,

ఇలా ఎప్పుడూ రాయలేదు నీకు. అందుకని భయపడకు, ప్రాణం బాగానే ఉంది. పరువు సంగతే చెప్పాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక్కడ టవర్ దగ్గరి మార్కెట్టుకు కూరగాయలకు పోయాను. అక్కడ నాగవ్వ అని ఒకావిడ చేపలు అమ్ముతుంది. బడి గడప తొక్కలేదు, నోటి లెక్కలో మాత్రం నన్ను మించింది. మనవరాలి చేపపిల్లలు సంచి వేడికి చచ్చాయట, ఐదో రోజు తేలాయట అని చెప్పాను. ఆమె చేప పొలుసు గీకుతూ తలెత్తకుండానే అంది, ‘సంచి వేడికి చచ్చేటియి గంటల్ల చస్తయ్ టీచరమ్మా. ఐదో నాడు చచ్చినయంటే ఆకలికి చచ్చినయ్.’

నీళ్ళు అద్దంలా ఉంచింది పాపం, అన్నాను. అప్పుడు కత్తి కింద పెట్టింది.

‘తేటనీళ్ళల్ల ఏం తింటయ్? కండ్లకు ఆనని పురుగు ఉంటది పచ్చనీళ్ళల్ల, గదే వాటి తిండి. పచ్చటి నీళ్ళే గదా చేపపిల్లకు చనుబాలు. గీ ముచ్చట ఎరుక లేనోళ్ళు ఎవలు చెప్పిన్రు ఆ పిల్లకు?’

ఎవరు చెప్పారో ఆమెకు చెప్పలేదు. అరకిలో రవ్వ చేప కొన్నాను, అవసరం లేకపోయినా.

ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. జూన్ 22 నాటి దానిలో నీ చేతిరాతే ఉంది: సంచులు తేలనిచ్చి నాలుగుసార్లు పాట పాడావు. ఒక్కసారిగా కుమ్మరించలేదు. మూడు రోజులకు సొన అయిపోయి నోరు తెరుస్తాయని కూడా నువ్వే రాశావు. నోరు తెరిచే వేళకు నేను వాటి ముందు ఖాళీ పళ్ళెం పెట్టించాను. బాగా కడిగిన పళ్ళెం. లక్ష నోళ్ళు. వాటిని చంపింది నేను. ఆ తర్వాత నీకు ఓపిక లేదని తిట్టింది కూడా నేనే, అది రెండో తప్పు.

‘చేప జీవితచక్రం’ పాఠం ముప్పై రెండేళ్ళు చెప్పాను. బోర్డు మీద గుండ్రంగా నాలుగు బొమ్మలు: గుడ్డు, పిల్ల, వేలెడు పిల్ల, పెద్ద చేప. మధ్యలో బాణాలు. బాణాలు గీసేటప్పుడు ఎన్నడూ అనుకోలేదు, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు పోవాలంటే అన్నం కావాలని.

నువ్వు ఎందుకు దాచావో అర్థమైంది. ఆ ఊళ్ళో నీకు ఉన్న ఒక్క ఆస్తి దేవమ్మ టీచర్ పేరని నేనే నీ తలకెక్కించాను. దానికి మరక పడుతుందని కుంట వదులుకోబోయావు. పిచ్చిదానా, పేరు కూడా నీళ్ళలాంటిదే. మరీ తేటగా ఉంచితే అందులో ఏదీ బతకదు.

దీనితోపాటు ఇంకో కవరు పెట్టాను, లక్ష్మీరాజానికి. ఆదివారం అందరి ముందు విప్పమను. నువ్వు ముందే చదవకు. ఎందుకంటే నువ్వు చదివితే ఇవ్వవు.

అమ్మమ్మ


సిరిసిల్ల
జూలై 21

అమ్మమ్మా,

నిన్న ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సంఘం గదిలో పదిహేను మంది ఉన్నారు. కవరు లక్ష్మీరాజం మామ చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు కాగితాలు బయటికి తీశాడు. పైన నీ ఉత్తరం నాలుగు ముక్కలే: ‘నీళ్ళు మార్చమన్నది నేను. నా మనవరాలు నన్ను నమ్మి నీ మాట దాటింది. తప్పు జవాబు చెప్పినవాళ్ళు ఏం చేయాలో నీకు తెలుసు, నేనే నేర్పాను. చేశాను, చూసుకో.’ కింద యాభై దాకా అంకెలు వేసి ఒకే వాక్యం, కాగితాల నిండా. గుండ్రటి అక్షరాలు. చివరికి వచ్చేసరికి కొంచెం వంకరపోయాయి. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఆయన మాత్రం మొదటి వాక్యం పైకి చదివి, మిగతావి వేలితో ఒక్కొక్కటి తాకుతూ లోపల చదువుకున్నాడు. అన్నీ! అందరూ కూర్చుని చూస్తున్నారు.

వెంకటేశం లేచాడు. ‘పెద్దమనిషి ఒప్పుకున్నది, మంచిదే. మరి ఈ పిల్ల ఇన్ని దినాలు ఎందుకు దాచింది?’ అన్నాడు. అమ్మమ్మ పేరు పోతుందని దాచాను అన్నాను. దానికి ఆయన, ‘మా అవ్వ చెప్పిందని నేను పసుపు పంట ఏసి రెండేండ్లు మునిగిన. ఎవలకన్న చెప్పిన్నా?’ అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు.

అప్పటికి లక్ష్మీరాజం మామ ఆఖరి కాగితానికి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెనక్కి ఒక కాగితం తిప్పాడు. మెల్లగా అన్నాడు, ‘ముప్పై ఏడు తరువాత ముప్పై తొమ్మిది ఉన్నది.’

ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. ఆయన ముఖం చూడాల్సింది అమ్మమ్మా. ఏడో తరగతి పిల్లవాడిలా ఉంది. ‘నలభై ఏండ్ల సంది ఆగిన గీ దినం కోసం’ అన్నాడు.

కాగితాలు సంఘం గోడకు అంటించాడు. నాకు మళ్ళీ పిల్లలు తెప్పిస్తానన్నాడు. ‘నీళ్ళ ముచ్చట ఇగ నీళ్ళల్ల ఉన్నోళ్ళను అడుగు. టీచరమ్మను అక్షరాల ముచ్చట అడుగు’ అన్నాడు. నీకు కూడా ఒక మాట పంపాడు: ఆ ముప్పై ఎనిమిదోది ఇప్పుడే రాయొద్దట. పిల్లలు వేలంత అయ్యాక రాయాలట.

కుంటలో మళ్ళీ పేడ కలిపాను. ఈసారి ముక్కు మూసుకోలేదు. వండుతున్న కుండలా అనిపించింది.

నీ పుష్ప


జగిత్యాల
జూలై 25

పుష్పా,

లక్ష్మీరాజం అంత శ్రద్ధగా అప్పుడు చదివి ఉంటే కలెక్టరయ్యేవాడు. ఆ మాట ఆయనకు చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు.

నాగవ్వకు జరిగిందంతా చెప్పాను. ‘చెప్పింది నువ్వేనని గా దినమే ఎరుకైంది, ఊకున్న’ అంది. తను చెప్పిన వాక్యం నా చేతిరాతలో గోడకెక్కిందంటే నమ్మలేదు. కొత్త పిల్లలు రాగానే రాయి. బీరతీగ గురించి ఒక్క ముక్కా వద్దు.

అమ్మమ్మ


సిరిసిల్ల
ఆగస్టు 20

అమ్మమ్మా,

బీరతీగ ఎండిపోయింది. ఇక చేపలు.

కొత్త పిల్లలను కుంటలో వదిలేముందు రోజు సబ్బు, నూనె కలిపి నీళ్ళ మీద చల్లాం. పిల్లలను పట్టి తినే పురుగులు పైకి వచ్చి ఊపిరాడక చస్తాయట. చూశావా, నీ శుభ్రత ఎక్కడో ఒకచోట పనికొచ్చింది.

ఐదో రోజు తెల్లవారగానే పోయాను. గట్టు దాకా పోయి కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తెరిస్తే నీళ్ళ మీద ఏమీ లేదు. పచ్చనీళ్ళలో లోపల ఏముందో తెలియదు కదా, అదే కష్టం. తేటనీళ్ళలో చావైనా కనిపించేది. లక్ష్మీరాజం మామ సన్నటి గుడ్డ వల ముంచి లేపి నా ముందు పెట్టాడు. ఒళ్ళు ఇంకా అద్దమే, లోపల పొట్ట మాత్రం పచ్చగా నిండి ఉంది. తిన్నాయి అమ్మమ్మా.

పదిహేను రోజులకు అద్దంతనం పోయింది, పొలుసు వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే తవుడు, పల్లిచెక్క పొడి చల్లుతుంటే నా అడుగుల చప్పుడుకే వస్తున్నాయి. లక్షలో ముప్పై వేలు మిగిలితే పండుగే అన్నాడు మామ. మిగతా డెబ్బై వేలు? అని అడిగాను. అన్నీ సరిగా చేసినా అంతే అన్నాడు. ఆ మాట విని నాకు ఒక పక్క బాధ, ఒక పక్క ఊరట. నీకు కూడా ఊరటగా ఉంటుందని రాస్తున్నాను.

నీ పుష్ప


జగిత్యాల
ఆగస్టు 24

పుష్పా,

ఊరటగా లేదు. డెబ్బై వేలు వాటి దారిన పోవడం వేరు, లక్ష నా సలహాతో పోవడం వేరు. ఆ లెక్క నా దగ్గరే ఉండనీ. చేప లక్షల గుడ్లు పెట్టేది తెలివితక్కువై కాదు, లోకం సంగతి తెలిసి. మనకు ఒక్కరో ఇద్దరో, అందుకే ఇంత నోరు పెట్టుకుని కాపలా కాస్తాం. నోరు పెట్టే ముందు నాగవ్వను అడగాలని ఇప్పుడు తెలిసింది.

అంజి దగ్గుకు వాము నీళ్ళు ఇవ్వమని రాయబోయి ఆగాను. డాక్టరును అడుగు.

అమ్మమ్మ


సిరిసిల్ల
అక్టోబరు 12

అమ్మమ్మా,

నిన్న వదిలాం.

చిల్లుల గిన్నెతో ఒక గిన్నెడు తీసి లెక్కపెడితే నలభై రెండు. అట్లా గిన్నెలు లెక్కేసుకుంటూ చెరువులో వదిలాం. చివరి లెక్క ముప్పై ఒక్క వేలు దాటింది. మొదటి గిన్నె నా చేతికే ఇచ్చారు. ఒక రవ్వపిల్లను అరచేతిలో పెట్టుకుని నా చూపుడువేలు పక్కన పెట్టాను. గోరుతో సహా సరిపోయింది. తోక కొసన ఎర్రజీర కూడా వచ్చింది. ఒక్కసారి కొట్టుకుని జారి పోయింది.

వెంకటేశమే సంఘం పుస్తకంలో నా పేరు రాశాడు, ఐదేళ్ళకు. ‘చేపలోళ్ళ ఇంటి పిల్ల’ అని రాయాలా వద్దా అని ఎగతాళి చేశాడు. లక్ష్మీరాజం మామ గోడ మీది కాగితం చూపించి, ముప్పై ఎనిమిదోది ఇంకా రాలేదన్నాడు.

అది కావాలనే వదిలేశావా అమ్మమ్మా? అంజి అంటాడు, ఆయనను గెలవనివ్వడానికి నువ్వు కావాలనే ఎగ్గొట్టావని. నిజం చెప్పు.

నీ పుష్ప


జగిత్యాల
అక్టోబరు 16

పుష్పా,

కావాలనే వదిలేశానని రాయడానికి కలం ఎంత ఉబలాటపడుతోందో నీకు తెలియదు. ఎంత బాగుంటుంది! ఊరంతా దేవమ్మ టీచర్ పెద్దమనసు అంటారు, అంజి ఇప్పటికే అంటున్నాడు.

లేదు. ముప్పై ఏడు రాశాక చెయ్యి లాగింది. కాసేపు నీ జూన్ 22 ఉత్తరం మళ్ళీ చదివాను, ‘ఒక్కటీ వెనక్కి తిరగలేదు’ అన్న దగ్గర ఆగిపోయాను. తిరిగి కలం పట్టేసరికి అంకె తప్పింది. అంతే. లక్ష్మీరాజం న్యాయంగానే పట్టుకున్నాడు. ఆయనకు చెప్పు, ఇరవై మూడోది ఆయన నా బల్ల దగ్గర నిలబడి రాశాడు, నేను కూర్చుని రాస్తున్నాను. మోకాళ్ళ వల్ల ఆ ఒక్క వెసులుబాటు.

వచ్చే శనివారం వేములవాడ మీదుగా బస్సులో వస్తున్నాను. నాగవ్వను కూడా తీసుకొస్తున్నాను. తన మాట గోడ మీద ఎట్లా ఉందో చూడాలట, చదివి వినిపించాల్సింది నువ్వు. కుంట కడగకు. నేను వస్తున్నానని ఇల్లు కూడా మరీ కడగకు.

ఈ కింది భాగం కత్తిరించి గోడకు అంటించు.

38. పచ్చటి నీళ్ళే చేపపిల్లకు చనుబాలు.